నాన్న గడ్డం సామాను

అక్కా,

నేను కులాసాగానే ఉన్నాను, బెంగపడకు. నాన్న గడ్డం గీసుకునే బ్రష్షూ మగ్గూ కలిపి రెండు బొమ్మలు వేశాను. ఒకటి ఉన్నదున్నట్టు, ఇంకొకటి సినిమా పోస్టరులా గులాబీ, పసుపు రంగుల్లో. ప్రదర్శనలో జనమంతా పోస్టరు బొమ్మ దగ్గరే నవ్వుతూ ఫోటోలు దిగారు. ఒక పెద్దావిడ మాత్రం మొదటిదాని ముందే నిలబడిపోయి, "ఆయన పోయి ఎన్నాళ్ళయిందమ్మా?" అని అడిగింది.

"అయ్యో, మా నాన్న నిక్షేపంలా ఉన్నారండీ!" అన్నాను.

"మరి బ్రష్షు అలా ఎండిపోయిందేం?" అంది.

పోయినసారి ఇంటికొచ్చినప్పుడు చూసిందే వేశాను గానీ, అలా ఎందుకుందని అడగాలని తోచనేలేదు. నాన్నకు చెయ్యి వణుకుతోందా? గడ్డం నువ్వే మిషనుతో గీస్తున్నావా? దాచకుండా రాయి. బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు.

నీ చెల్లి