నైట్రోజన్‌కు బంద్ లేదు

యాదగిరీ,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఆ రోజులాగే ఇవాళ కూడా తెలంగాణ బంద్. మధ్యాహ్నం మనం కలిసి పనిచేసిన ల్యాబ్ నుంచి మన జూనియర్ సరిత, మాదాపూర్‌లోని నా సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు ఫోన్ చేసింది.

"అక్కా, యాదగిరన్న చెప్పిందే నిజమైంది. సూపర్‌కండక్టర్‌ను చల్లబరుస్తుంటే స్ఫటికం మొత్తంగా మారలే. రాగి పక్కనున్న ఆక్సిజన్ పరమాణువులే రవ్వంత జరిగినయ్. జల్ది వస్తవా? సాయంత్రం మెషిన్ ఆపేస్తం. వేడెక్కితే ఇగ కనబడది."

చివరిదాకా నువ్వు వెతికింది అదే. నాకేమో నాలుగింటికి క్లయింట్ కాల్.

"బంద్ కదా సరితా, బండ్లు లేవు" అన్నాను. కిటికీలోంచి ఆటోలు కనబడుతూనే ఉన్నాయి.

"అవునక్కా. అన్న అయితే ఊరేగింపుల జెండా పట్టుకొని, అట్నుంచి అటే నడిచొచ్చి మెషిన్ల చల్లటి ద్రవ నైట్రోజన్ పోస్తుండె. 'ఆవిరైపోయేదానికి బంద్ ఉంటదా?' అంటుండె."

క్లయింట్ కాల్‌లో నవ్వుతూనే మాట్లాడాను. అయిపోగానే ఆటో ఎక్కి, ల్యాబ్ గేటుకు కాస్త దూరంలోనే దిగిపోయాను. లోపలికి వెళ్లేసరికి మెషిన్ ఆపేశారు.

సరిత గబగబా మంచినీళ్లు తెచ్చింది. "అయ్యో, అంత దూరం నడిచొచ్చినవా అక్కా, అన్న లెక్క?"

అవునన్నాను. ఆ నీళ్లు తాగాను కూడా.