హాల్లో ఫిబ్రవరి

చెల్లీ,

డ్యూటీకి వెళ్తున్నా. హాల్లో క్యాలెండర్ ఫిబ్రవరికి తిప్పింది నేనే, సరిచేయకు. మన మూడు మెట్ల తోటలో పై మెట్టు మీద పెట్టే టమాటాకి ఫిబ్రవరిలోనే నారు పోయాలి. మనం పోయలేదు, ఏప్రిల్ వచ్చి కూర్చుంది. అందుకని పొద్దున్నే ట్రేల్లో విత్తనాలు వేసి హాల్లో పెట్టాను. ఫ్యాను వేయకు. నాన్న స్వెట్టరు, మఫ్లరు వేసుకుని వాటి పక్కనే కూర్చున్నారు. చెమటలు కారుతున్నా విప్పనివ్వకు, విత్తనాలకి అనుమానం వస్తుంది.

కింది మెట్టుకి సొర, బీర ఏప్రిల్‌లోనే వేయాలి. వాటిని వంటింట్లో వెయ్యి, అక్కడ ఏప్రిలే నడుస్తోంది. మధ్య తలుపు మాత్రం మూసే ఉంచు. మధ్య మెట్టుకి క్యాబేజీ సెప్టెంబరులో కదా, దానికి ఏ గదీ ఖాళీ లేదు, అప్పుడు చూద్దాం.

పాలవాడు తేదీ అడిగితే గుమ్మం బయటికి తీసుకెళ్లి చెప్పు.

నారు సంగతి గుర్తు చేయాల్సింది నువ్వే. ఆ మాట మీదే మార్చిలో పోట్లాడుకుని మాటలు మానేశాం. అందుకే ఈ చీటీ.

అక్క

ఇంకోటి. సాయంత్రం నేను వచ్చేసరికి హాల్లో ఉండు. అక్కడ మనం ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నాం.