ఎడమవైపు వదులు

వదినగారికి,

నమస్కారాలు. మీ అల్మరాకు తలుపులు బిగించాలంటూ మీ తమ్ముడు బయలుదేరి వచ్చారు. సంతోషం. కానీ ఊరందరికీ ప్యాంట్లు కుట్టి, తను మాత్రం చిరుగు చొక్కాతో తిరిగే ఈ దర్జీ, వచ్చేముందు తనకోసం కొత్త పైజామాలు కుట్టుకున్నారు. కొత్త లోదుస్తులు కొన్నారు. మీ అల్మరా కోసమా ఇవన్నీ? నెల్లాళ్ళుగా గోడవైపు తిరిగి పడుకుంటున్నారు. అడిగితే "నీకన్నీ అనుమానాలే" అంటారు. నిజమే, కాలేజీలో పాఠం చెప్పేటప్పుడు కూడా నా మాట నేనే పూర్తిగా నమ్మను. అయినా అడుగుతున్నాను. ఆయన అక్కడే ఉన్నారా?

మీ మరదలు

తా.క. తలుపులు బిగించే మనిషి సుత్తి ఇక్కడే వదిలేసి వచ్చారు.

*

మరదలా,

ఆశీస్సులు. ఉన్నాడమ్మా, ఎక్కడికి పోతాడు! స్టూలు మీంచి జారి కాలు బెణికింది, అందుకే ఆలస్యం. నువ్వేం రావద్దు, సెలవులు పాడుచేసుకోకు. సుత్తి మా ఇంట్లో ఉందిలే.

నీ వదిన

తా.క. కంగారుపడకు. నర్సు రోజూ కట్టు మారుస్తోంది. చక్కటి పిల్ల. ఆ అమ్మాయి దగ్గర వాడికి సిగ్గు కూడా పోయింది.

*

వదినగారికి,

నమస్కారం పెట్టడానికి చెయ్యి రావడం లేదు. బెణికిన కాలికి రోజూ మార్చే కట్టేమిటి? కాలు చూపించడానికి సిగ్గెందుకు, అది పోవడమెందుకు? పైగా ఆ స్టూలు విరిగితే పొయ్యిలో పెట్టేశానని కిందటేడు మీరే చెప్పారు. నిజం రాయండి. లేకపోతే బస్సెక్కుతాను.

మీ మరదలు (ఇప్పటికి)

తా.క. ఆ పిల్ల వయసెంత?

*

మరదలా,

ఇక దాచలేను. వాడికి ఎడమ వృషణంలో గడ్డ లేచింది. క్యాన్సరే. ఆపరేషన్ చేసి ఆ ఒక్కదాన్నీ తీసేశారు. రెండోది బాగుంది, జబ్బు ఇంకెక్కడికీ పాకలేదు, వచ్చి చూపించుకుంటూ ఉండమన్నారు డాక్టరు. నీకు చెప్పనని వాడు నాచేత ఒట్టు వేయించుకున్నాడు. "చదువుకున్నది కదక్కా, పైకేమీ అనదు. లోపల మాత్రం నన్ను సగం మగాడిగా చూస్తుంది" అని ఒకటే ఏడుపు. ఇంటికే రానంటున్నాడు.

నీ వదిన

తా.క. నర్సుకు వచ్చే నెల పెళ్ళి. పెళ్ళికొడుకు ప్యాంటు మనవాడే కుట్టాలట.

*

వదినా,

మీ ఉత్తరం నేను నమ్మలేదు. ఎవతెనో దాచడానికి అక్కాతమ్ముళ్ళు క్యాన్సర్‌ని అడ్డం పెట్టుకున్నారనుకున్నాను. నా బుద్ధి అంతే. దుకాణం తెరిచి ఆయన బల్ల వెతికాను. ఏ మగవాడికి కుట్టినా ఎడమవైపు కాస్త వదులు వదలడం ఆయన అలవాటు. ఎందుకని పెళ్ళైన కొత్తలో అడిగితే చెవులు ఎర్రబడి, "మగవాళ్ళకి బరువు అటే వేలాడుతుంది" అని గొణిగారు. కొత్త పైజామాలకు గీసుకున్న అట్టముక్క దొరికింది. దాంట్లో ఆ వదులు లేదు. డాక్టరు కన్నా ముందే ఈయన కత్తెర వేసేశారు.

ఆ అట్టముక్క ముందు పెట్టుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎవతో ఒకతె ఉన్నా ఎంత బాగుండేది వదినా, వెళ్ళి జుట్టు పట్టుకునేదాన్ని.

ఈ ఉత్తరం వెనకే వస్తున్నాను. గోడవైపు మంచం ఈసారి నాది. అటు ఆయన తిరిగితే నేనే కనబడాలి.

మీ మరదలు

తా.క. నా వంకర కుట్టుతో ఒక పైజామా తెస్తున్నాను. ఎడమవైపు బాగా వదులు పెట్టాను. కోసినవైపు వాపుంటుందని అంత పెద్ద దర్జీకి తట్టకపోతే ఎలా? తొడుక్కోనంటే నర్సును పిలవండి. ఆ అమ్మాయి దగ్గర సిగ్గు లేదుగా!