శిబిరం బజారులో చిల్లర

బావగారికి,

మీ పడవ డాన్యూబ్ మీదుగా గనుల రేవుకు వెళ్తుందని తెలిసి ఇది రాస్తున్నాను.

మీ తమ్ముణ్ణి దొంగ నాణేలు పోశాడని గనులకు పంపారు. మీరు విన్నది అంతవరకే అయ్యుంటుంది. ఇక్కడి సిపాయిలకు జీతాలు వెండిలోనే ఇస్తారు. రోము నుంచి రాగి చిల్లర రావడం ఎప్పుడో ఆగిపోయింది. వెండి నాణెం ఇచ్చి రొట్టె అడిగితే తిరిగివ్వడానికి బజారులో ఎవరి దగ్గరా ఏమీ ఉండేది కాదు. చివరికి పాత దళపతే మా కొలిమికి వచ్చాడు.

"ఏం వెర్జో, గంటలూ గొళ్ళేలూ పోస్తావు, నాలుగు చిల్లర కాసులు పోయలేవా?"

"తల పోతుంది దొరా" అన్నారు ఈయన.

"నేనున్నానుగా, నీ తలకేం కాదులే!"

ఆ తర్వాత ఊరంతా ఆ కాసులతోనే ఉప్పూ చేపలూ కొనుక్కుంది. కొత్త దళపతి వచ్చి విచారణ పెట్టాడు. పాత దొరకు కబురు పంపితే, ఆ మనిషెవరో తెలియదన్నాడట. బజారులో ఒక్కరూ నోరు విప్పలేదు. వాళ్ళ సంచుల్లోనూ అవే కాసులున్నాయి, భయపడ్డారు. వాళ్ళను తిట్టడానికి నాకు నోరు రాలేదు.

తీసుకెళ్ళేటప్పుడు నాకు నెలలు నిండాయి. ఈయన గుమ్మం దగ్గర ఆగి, "ఎవరు పుట్టారో కబురు పంపు, మర్చిపోకే" అన్నారు.

ఆయన కనిపిస్తే ఆడపిల్ల పుట్టిందని చెప్పండి. నుదురు అచ్చం ఆయనదేనని చెప్పండి. పేరు అడిగితే అత్తయ్య పేరే పెట్టామనండి. ఈ పొద్దున నేను బిడ్డను పాతిపెట్టి వచ్చిన సంగతి మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.

మీ మరదలు