బతికున్నవాడి టీషర్టు

నాయనా ఓడెల్,

నువ్వు తీసిన ర్యాప్ పాట వీడియో చర్చి హాల్లో అందరం చూశాం. తెల్లజాతి పోలీసు బూటు, శవంలా పడుకున్న నీ తమ్ముడు జమారి చెంప పక్కన వచ్చి ఆగినప్పుడు ఒక్కరికీ ఊపిరాడలేదు. అందులో అబద్ధమేమీ లేదు. మన మెంఫిస్‌లో పోలీసుల చేతిలో అలా పోయిన నల్లవాళ్ళ పేర్లు నీకూ తెలుసు, నాకూ తెలుసు.

నా బాధంతా ఆ టీషర్టుల గురించే. మన వీధిలో ఎవరైనా పోతే వాళ్ళ ఫోటో వేసి, కింద పుట్టినరోజుకి సూర్యోదయం, పోయినరోజుకి సూర్యాస్తమయం అని రెండు తేదీలు అచ్చేయించి తొడుక్కుంటాం కదా. నువ్వు వీడియో కోసం నా కొడుకు జమారి ఫోటోతో, వాడి అసలు పుట్టినరోజుతో వేయించి, షూటింగయ్యాక జనానికి వదిలేశావు.

మొన్న మిస్ వెర్డెల్ ఆ టీషర్టు ఎవరి ఒంటిమీదో చూసి, పరామర్శకని మాకరోనీ గిన్నె పట్టుకొచ్చింది. తలుపు తీసింది జమారి.

"ఎవరు పోయారు, మిస్ వెర్డెల్?"

"నువ్వే కదరా నాయనా!" అంటూ గుమ్మంలోనే కూలబడింది.

వాడు నవ్వుకుంటూ ఆ మాకరోనీ అంతా తినేశాడు. నేను ముట్టలేదు.

నిన్న వాడి కారును పోలీసు ఆపాడట. వాడు చేతులు స్టీరింగు మీద నుంచి తీయలేదట. ఆ పోలీసు వంగి చూసి, "ఆ వీడియోలో చచ్చి పడున్నది నువ్వేగా? భలే పడుకున్నావ్!" అని నవ్వి వదిలేశాడట. అప్పట్నుంచి వీడు నవ్వడం లేదు.

ఆ టీషర్టులన్నీ వెనక్కి తెప్పించు, బాబూ. సూర్యాస్తమయం దగ్గర నువ్వు తేదీ వేయకుండా ఖాళీ వదిలావు. వీధిలో అది ఎదురుపడినప్పుడల్లా, ఇవాళ తారీఖెంతో చూసుకుంటున్నాను.

మీ పిన్ని