లింగన్న డేగిసా

మార్చి 9, శుక్రవారం

మళ్లీ చెడింది. కోడి తొడలు ఎర్రబడలేదు. నీళ్లు ఊరి, తెల్లగా ఉడికి కూర్చున్నాయి. పేరుకు జంబలాయా, అమెరికా వాళ్ల మసాలా కోడి అన్నం. వచ్చింది మాత్రం పథ్యం అన్నం. కాంపౌండ్‌లో ఉండే అమెరికన్ టామ్ సార్ సగం తిని ప్లేటు జరిపాడు. మెస్ వంటమనిషి లింగన్న ఎక్కడని ఈ రోజూ అడిగాడు. "రన్ అవే, సార్" అన్నాడు క్యాంప్ బాస్, నా వైపు చూడకుండా.

పారిపోలేదు. రెండు వారాల కిందటి గురువారం పొద్దున పదింటికి ఉల్లిగడ్డకని మార్కెట్‌కు పంపింది బాసే. ఇఖామా, అదే సౌదీలో ఉండనిచ్చే కార్డు, గడువు అయిపోయిన మనిషిని. నేను పక్కనే కత్తి నూరుతున్నాను. "కాయిదం లేదు గద సార్, పట్టుకుంటరు" అన్నాడు లింగన్న. "పాంచ్ మినిట్ కా కామ్ హై", ఐదు నిమిషాల పనే అన్నాడు బాస్... అంతే. సంచీ తీసుకుని వెళ్లినవాడు మళ్లీ రాలేదు.

మార్చి 11

ఎవరికీ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. డేగిసాను పాడు చేసింది నేనే.

లింగన్న వెళ్లిన మర్నాడు ఆ ఇనుప డేగిసాను సబ్బుతో, ఉక్కుపీచుతో తోమేశాను. పద్నాలుగేళ్లు నూనె తాగిన నలుపు. మా ఇంట్లో అడుగంటిన గిన్నె ఎవరి కంట పడినా అమ్మకు తలకొట్టేసినట్టే. ఆ బుద్ధి ఎక్కడికి పోతుంది? బూడిద రంగు తేలేదాకా రుద్ది, ఘనకార్యం చేశాననుకున్నాను. ఇప్పుడు తునక వేస్తే అంటుకుని వదలదు. లాగితే చర్మం అడుగుకు, ఎముక నా చేతికి.

మార్చి 13

బాస్ కాగితం చూపించాడు. లింగన్న తనంతట తానే పారిపోయాడని నేను సాక్షి సంతకం పెట్టాలి. దాంతో హురూబ్, అంటే పని వదిలి పరారైనవాడని సర్కారు కేసు, రాస్తారు. సౌదీ వాళ్లకు చాలినన్ని ఉద్యోగాలివ్వక కంపెనీ నితాకత్ లెక్కలో పసుపు రంగులో పడింది, కొత్త వీసాలివ్వరు, వంటమనిషికి ఒక్కటే చోటు. కంప్యూటర్‌లో ఆ చోటులో ఇంకా లింగన్నే ఉన్నాడు. ఆయన పోతేనే నాకు. నా ఇఖామా ఏప్రిల్ 20 దాకే.

"దస్తఖత్ కర్ దే, బాత్ ఖతం."

సంతకం పెట్టడానికి రెండు రోజులు గడువు అడిగాను.

మార్చి 14

లింగన్న భార్య ఫోన్. "ఏమన్న ఎరుకైందా తమ్మీ?" లేదక్కా అన్నాను. హురూబ్ పడితే, ఆయన దొరికినా దొంగ కిందే లెక్క. ఇంటికి కాదు, జైలుకు. అది ఆమెకు చెప్పలేదు. సిగ్గేసింది.

మార్చి 16, శుక్రవారం

ఈసారి ఆయన మాటలు గుర్తు తెచ్చుకుంటూ చేశాను.

"కడిగినంక గుడ్డతోటి తుడువు. తడి ఉంటె ఉడుకుతది, ఏగది."
"అన్ని ఒక్కసారి గుమ్మరియ్యకు. సందియ్యి, ఊపిరాడాలె."
"ముట్టకు తమ్మీ. ఏగినంక అదే ఇడుస్తది."

మూడోదే నాకు చేతకాదు. చేతిలో గరిటె ఉంటే కలపకుండా ఎలా ఉంటాం? ఎన్ని తాళింపులు కలిపిన చెయ్యి. ఎర్రబడకముందే కదిపాను. సగం మేలు. టామ్ సార్ ముప్పావు తిన్నాడు.

మార్చి 19

డేగిసా నల్లగా ఉంది.

పొద్దున షెల్ఫ్ మీంచి దించితే లోపలంతా నూనె రాసి, కాల్చి, తుడిచినట్టు... వేలు పెడితే జారింది. నేను చెయ్యలేదు. వంటింటి తాళంచెవి నా దగ్గర ఒకటి, బాస్ దగ్గర ఒకటి. బాస్ నూనె డబ్బా మూత కూడా తియ్యడు.

మార్చి 21

వాసన. పొద్దున పదింటికి, కాంపౌండ్‌లో పదిహేడో విల్లా వైపు నుంచి.

బయటిదేశాల వాళ్ల మీద లెవీ పన్నులు మొదలయ్యాక నలభై విల్లాల్లో తొమ్మిదింట్లోనే జనం. పదిహేడు ఖాళీ అయి ఏడాది దాటింది, కరెంటు కూడా కోశారు. అయినా అదే వాసన. కోడి కొవ్వు ఎర్రబడి, దానిమీద ఉల్లిగడ్డ పడి, అడుగు మాడు గీకుతున్నప్పుడు వచ్చేది. వెనక్కి వెళ్లి చూశాను. తలుపుకు తాళం. కిటికీ అద్దం మీద చెయ్యి పెట్టాను, వేడిగా ఉంది. అల్ అజీజియా ఎండలో వేడిగా లేనిదేది అని నాకు నేనే చెప్పుకుని వచ్చేశాను. త్వరగానే నడిచాను.

మార్చి 22

లింగన్న అందులో దాక్కున్నాడా? ఉంటే బాగుండు. మధ్యాహ్నం రెండు తొడలు ఫాయిల్‌లో చుట్టి ఆ విల్లా వెనక తలుపు దగ్గర పెట్టాను. పిల్లులకు మంచి విందు అనుకుంటూనే పెట్టాను.

మార్చి 23

పిల్లులు ఫాయిల్ చింపుతాయి. తుడిచి, నాలుగు మడతలు పెట్టి, రాయి కింద ఉంచవు.

లింగన్న ఉంచుతాడు. ఒక్క ఫాయిల్ ముక్క పారెయ్యనిచ్చేవాడు కాదు.

బాస్ ఫోన్ చేస్తే జ్వరమన్నాను. కాగితం ఇంకా అలాగే ఉంది.

మార్చి 30, శుక్రవారం

తొడలు తుడిచాను. సందిచ్చి పేర్చాను. గరిటె పక్కన పెట్టి చేతులు వెనక్కి కట్టుకున్నాను. అప్పుడే బాస్ బయటకు పిలిచి మళ్లీ కాగితం గొడవ. ఇవాళే ఆఖరు అన్నాడు. మాడిపోతోందని లోపలికి పరిగెత్తాను.

ఏమీ మాడలేదు. తునకలన్నీ తిరగేసి ఉన్నాయి. అన్నీ ఒకే ఎరుపు, ఒక్కదాని చర్మం కూడా చిరగలేదు. గరిటె డేగిసా అంచుకు ఆనించి ఉంది. నేను పెట్టింది బల్ల మీద. వంటింటి వెనక తలుపుకు లోపల గొళ్లెం పెట్టే ఉంది.

ఏం చెయ్యను, వండాను. టామ్ సార్ ఒక్క ముద్ద తిని కళ్లు మూసుకున్నాడు. "లింగన్ వచ్చేశాడన్నమాట" అన్నాడు.

బాస్ చెంచా ఆగింది. నన్ను చూశాడు. ఇన్ని వారాలు చేతకానిది ఇవాళ ఎలా వచ్చిందని అడగలేదు. "ఎక్కడ దాచావు?" అని మాత్రం హిందీలో, చాలా మెల్లగా అన్నాడు.

బాగా వండినందుకు ఇరుక్కున్నవాణ్ని నేనొక్కణ్నే అయ్యుంటాను.

మార్చి 31

బాస్ ఖాళీ విల్లాలన్నీ తెరిపించాడు. పదిహేడు దగ్గర నేను అందరి వెనక నిలబడ్డాను.

తలుపు తీశారు. నేలంతా దుమ్ము, మందంగా, ఇసుక తుఫాన్లన్నీ కలిసి పరిచింది. దానిమీద ఒక్క అడుగుజాడ లేదు. వంటింట్లోనూ లేదు. పొయ్యి మీదా దుమ్మే. ఏడాదిగా అక్కడ మనిషి మసలలేదు.

వాసన మాత్రం ఉంది. బాస్‌కు కూడా తెలిసింది, ముక్కు తుడుచుకున్నాడు.

నాకు ఏడుపొచ్చింది. లోపల లింగన్న కనబడితే పట్టిచ్చినవాణ్ని అవుతానని భయపడ్డాను. కనబడకపోయేసరికి అంతకన్నా భయం వేసింది. ఇక్కడ లేకపోతే మార్కెట్ దారిలో ఏమయ్యాడు?

మెస్‌కు తిరిగొచ్చాం. బాస్‌కు ధైర్యం తిరిగొచ్చింది, నవ్వాడు కూడా. కాగితం బల్ల మీద పరిచి పెన్ను ఇచ్చాడు. పేరు మొదటి అక్షరం దాకా వెళ్లాను.

వంటింట్లో గరిటె డేగిసా అంచు మీద రెండుసార్లు మోగింది. టక్, టక్. తునకలు తిరగెయ్యడం అయ్యాక లింగన్న అలాగే కొట్టేవాడు.

బాస్ తలెత్తాడు. "పొయ్యి మీద ఏమైనా పెట్టావా?"

లేదన్నాను. తునకలు చిటపటమంటున్నాయి, ఇద్దరికీ వినబడుతోంది. వెళ్లి చూడమన్నాడు. మీరే చూడండి సార్, మార్కెట్‌కు పంపింది మీరే కదా, అన్నాను.

అతను లేవలేదు. ఆ ఒక్క అక్షరం దగ్గరే ఆపి పెన్నుకు మూత పెట్టాను.