ఆయుధపూజ నాడు ఆపిన కంప్యూటర్

సికింద్రాబాద్,
మంగళవారం

అప్పా,

నీకూ బావకీ పద్మ నమస్కారాలు. అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? పిల్లల జ్వరాలు తగ్గాయా? నేను బాగానే ఉన్నాను. వేళకి తింటున్నాను, దిగులు పడొద్దని అమ్మతో చెప్పు. ఇక్కడ చలి మొదలైంది. హాస్టల్ సాంబారు నోట పెట్టలేకపోతున్నాను, ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త ఆవకాయ పంపు.

అమ్మకి చదివి వినిపించేది ఇంతవరకే. మిగతాది నీకొక్కదానికే.

మా రక్తపరీక్షల ల్యాబులో సుజాతక్క గురించి రాశాను కదా. అల్వాల్ నుంచి వస్తుంది, ఒక్కతే కూతుర్ని సాకుతోంది. రిపోర్టుల కంప్యూటర్ ఆవిడ చేతిలోనే ఉండేది, నాకు పని నేర్పిందీ ఆవిడే. ఆయుధపూజ రోజు పొద్దున్న అందులో అప్‌డేట్ పెట్టి, పూలు తేవడానికి మోండా మార్కెట్‌కి బయల్దేరింది. "పద్మా, జెర చూస్తుండు. అది అయ్యేదాంక బంద్ చెయ్యకు" అంది.

ఇంతలో ల్యాబు ఓనరు సారు పూజారిని వెంటబెట్టుకొచ్చారు. "మిషన్లన్నీ ఆపి బొట్లు పెట్టండమ్మా, పూజలో ఏదీ నడవకూడదు" అన్నారు. నాన్న మిల్లులో అలాగే ఆపేవాడు కదా, అదే అలవాటు. తెర మీద గీత సగమే నిండింది. కాసేపు ఆగమని సారుతో ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. స్విచ్ కట్టేసి కుంకుమ పెట్టేశాను. నా బుద్ధి గడ్డి తింది అప్పా.

పూజారి తెచ్చిన పూలతోనే పూజయ్యాక, కంప్యూటర్ వేస్తే నల్లతెర. వెలుగుతుంది, ఆగుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. వారం రిపోర్టులన్నీ అందులోనే ఉన్నాయి. అప్పుడే పూలతో వచ్చిన సుజాతక్క మీద సారు విరుచుకుపడ్డారు. "అప్‌డేట్ పెట్టి బజారు తిరుగుతావా? రేపట్నుంచి రావద్దు" అన్నారు, అందరి ముందూ. ఆవిడ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆవిడ వెళ్లిపోయింది.

తర్వాత నేనే కూర్చున్నాను. కంప్యూటర్ కోర్సులో నేర్చుకున్నది గుర్తు తెచ్చుకుని, సిస్టమ్ సీడీ పెట్టి, ఉన్నదంతా చెరిపేసే ఫార్మాట్ జోలికి పోకుండా రిపేర్ ఎంచుకున్నాను. రెండుసార్లు మధ్యలో ఆగిపోయింది. సాయంత్రానికి లేచింది, ఒక్క రిపోర్టూ పోలేదు. సారు సంబరపడి "ఇక ఆ కుర్చీ నీదే" అన్నారు. థాంక్స్ సార్ అన్నాను. సిగ్గులేకుండా అన్నాను.

మొన్న ఆదివారం అల్వాల్ వెళ్లి కాళ్ల మీద పడబోయాను. ఆవిడ పట్టుకుని లేపింది.

"బంద్ జేసింది నువ్వే అని నాకెరికే పిల్లా."

"మరి సారుకి ఎందుకు చెప్పలేదక్కా?"

"నేను చెప్తే నీ నౌకరీ పోతుండె. ఆ దినం ల్యాబు గేటు కాడ చానసేపు నిలబడ్డ. నువ్వొస్తవనుకున్న."

తిట్టలేదు అప్పా. చాయ్ పెట్టిచ్చింది.

నిన్న సారు గది దాకా వెళ్లి తిరిగొచ్చాను. ఇవాళా అంతే. ఇవాళా ఆ కుర్చీలోనే కూర్చుని పని చేశాను.

పెద్దమ్మా వాళ్లని అడిగానని చెప్పు, పిల్లలకి ముద్దులు. ప్రతి ఉత్తరంలోనూ ఉద్యోగం నిలవాలని దీవించమంటాను కదా. ఈసారి అది వద్దు. నా నోరు పెగలాలని దీవించు.

నీ చెల్లెలు
పద్మ